తలుపు దిగని తూము

(జనవరి 12 సాయంత్రం భీమవరంలో ఒక గ్రంథాలయ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. వక్త డిగ్రీ కళాశాలలో బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరైన అధ్యాపకురాలు.)

అందరికీ నమస్కారం. వెనక బల్లల మీద ఉన్నవారికి వినబడుతోందాండీ? చెయ్యెత్తండి. సరే. బాబూ, ఆ ఫ్యాను కాస్త తగ్గించు, మైకులో గాలి హోరు తప్ప నా గొంతు వినబడేలా లేదు.

పండక్కి రెండు రోజుల ముందు, భీమవరంలో, పందెం బరులకి చదును చేసే హడావుడిలో, ఒక ఎంజైము గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే నాకు అనుమానంగానే ఉంది. సభ అయ్యాక టిఫిను ఉందని ఎవరో చెప్పేసినట్టున్నారు. (నవ్వులు) ఉందట, నిజమే. కానీ చివర్లో.

1895లో ఇదే రోజున, ఈ ఊళ్ళోనే, యల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టారు. ఏటా ఈ రోజున ఆయనకి నోబెల్ ఎందుకు రాలేదని ఒక గంట బాధపడి ఇంటికి పోవడం మనకి అలవాటు. నేనూ చాలా ఏళ్ళు బాధపడ్డాను. ఈసారికి ఆ పని వద్దనుకున్నాను. ఆయన కండరంలోంచి బయటికి తీసిన ఒక అణువు ఉంది. దాన్ని వాడుకుని పనిచేసే ఒక ఎంజైము ఉంది. ఆ ఎంజైము అదుపు తప్పితే ఒక రకం రక్త క్యాన్సర్ వస్తుంది. ఆ క్యాన్సర్ మా ఇంట్లోనే, మా బాబాయికి వచ్చింది. ఇవాళ చెప్పేది ఈ కథే.

ముందు చిన్న పని. ఇక్కడ బల్ల మీద రెండు గాజు గొట్టాలు పెట్టాను. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్. రెండోదాంట్లో కొబ్బరినీళ్ళు, ఇరవై వంతుల నీళ్ళు కలిపి పల్చన చేశాను. బొండం ఇందాక బస్టాండు దగ్గర కొన్నదే. రెండింట్లోనూ ఆమ్లంలో కరిగించిన అమ్మోనియం మాలిబ్డేట్ పోస్తున్నాను. ఇది సల్ఫ్యూరిక్ ఆమ్లం, పిల్లలు దగ్గరికి రావద్దు. ఇప్పుడు ఇంకో మందు, ల్యాబుల్లో మేం యాన్సా అనేది, కొద్దిగా. అంతే. ఏమీ కనబడటం లేదు కదా? ఉండనివ్వండి. ముందు వరసలో ఎర్ర స్వెట్టరు అమ్మాయీ, నీకో డ్యూటీ. ఆ గొట్టాలని చూస్తూ ఉండు. ఏదైనా మారితే నేనేం మాట్లాడుతున్నా సరే, ఆపి చెప్పు.

సరే, ఎంజైము. దాని పేరు ఏబీఎల్1. అది కైనేజ్ అనే జాతికి చెందింది. గ్రీకు భాషలో కదిలించడం అన్న మాట నుంచి వచ్చిన పేరు. మన ఒంట్లో ప్రోటీన్‌కి ఫాస్ఫేటు తగిలించే కైనేజ్‌లు ఎన్నో 2002లో లెక్క వేస్తే 518 తేలాయి. అన్నీ చేసేది ఒకే పని. ఏటీపీ అనే అణువుకి తోకలా మూడు ఫాస్ఫేట్లు ఉంటాయి. కైనేజ్ ఆ మూడోదాన్ని తుంచి తీసుకెళ్ళి ఇంకో ప్రోటీన్‌కి తగిలిస్తుంది. తగిలించుకున్న ప్రోటీన్ ఆకారం కాస్త మారుతుంది. ఆకారం మారితే పని మారుతుంది. నిద్రపోతున్నది లేస్తుంది, లేదా పనిచేస్తున్నది ఆగుతుంది. తగిలించినదాన్ని ఊడదీసే ఎంజైములు వేరే ఉన్నాయి, వాటిని ఫాస్ఫటేజ్‌లు అంటారు. తగిలించడం, ఊడదీయడం. కణం లోపల ఒకచోటి నుంచి ఇంకోచోటికి కబురు వెళ్ళేది ఎక్కువగా ఇలాగే. ఇది కనిపెట్టినది సియాటిల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ అనే ఇద్దరు, 1955 ప్రాంతంలో, కండరం మీద పనిచేస్తూ. వాళ్ళకి నోబెల్ 1992లో వచ్చింది. ముప్పై ఏడేళ్ళు ఆగారు. (నవ్వులు) అదిగో, నోబెల్ మాట ఎత్తనని చెప్పి నేనే ఎత్తేశాను.

ఆ ఏటీపీ ఉందే, అదే మనవాడిది. బోస్టన్‌లో, హార్వర్డ్ వైద్య కళాశాలలో, సైరస్ ఫిస్క్ దగ్గర సుబ్బారావుగారు 1929లో కండరంలోంచి దాన్ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా పట్టుకున్నాడు. ఇద్దరి పేర్లూ చెప్పుకోవడమే న్యాయం. అయితే అసలు రక్తంలోనో కండరంలోనో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే దారి లేకపోతే ఇవేవీ జరిగేవి కావు. ఆ కొలిచే పద్ధతిని ఫిస్క్, సుబ్బారావు 1925లో అచ్చు వేశారు. ప్రపంచంలో ఏ బయోకెమిస్ట్రీ విద్యార్థయినా...

(ముందు వరస నుంచి: "మేడమ్, నీలంగా అవుతోంది!")

చెప్పానా? ఏ గొట్టం? కొబ్బరినీళ్ళదే. ఇంకో రెండు నిమిషాలు ఆగితే ఇంకా చిక్కబడుతుంది. అది పైకెత్తి అందరికీ చూపించమ్మా. మూతి మీద వేలు పెట్టకు. పక్కదాంట్లో మామూలు నీళ్ళు, అలాగే తెల్లగా ఉన్నాయి. కొబ్బరినీళ్ళలో ఫాస్ఫేటు ఉంది కాబట్టి నీలం వచ్చింది. ఎంత ఎక్కువుంటే అంత ముదురు నీలం. ఇదేనండీ, ఫిస్క్-సుబ్బారావు పద్ధతి. నేను మొదటిసారి ఇది చేసినప్పుడు ఈ రెండో పేరు మా ఊరివాడిదని మా మాస్టారు చెప్పలేదు. ఆయనకీ తెలియదనుకుంటా. ముప్పై మూడేళ్ళు నా క్లాసులో ఈ నీలం రాగానే మొదట చెప్పిన మాట అదే.

ఇప్పుడు తూము దగ్గరికి వద్దాం.

మన డెల్టావాళ్ళకి కైనేజ్ ఎలా పనిచేస్తుందో చెప్పడం చాలా సులువు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట, అక్కణ్ణుంచి పెద్ద కాలువ, దాన్నుంచి పిల్ల కాలువ, గట్టులో తూము, తూము అవతల పంట బోదె, బోదె నుంచి చేను. తూముకి ఇనప తలుపు. లస్కరు వచ్చి చక్రం తిప్పితే తలుపు లేస్తుంది, నీరు పారుతుంది. వంతు అయిపోగానే దించేస్తాడు. దించకపోతే? దాళ్వా నాట్లేసిన వారం రోజుల చేనుని ఊహించుకోండి. నీరు లేక ఎండితే ఎంత నష్టమో, తలుపు దించక నారు మునిగితే అంతే నష్టం.

కైనేజ్ అలాంటి తూము. తలుపు లేస్తే ఫాస్ఫేటు పారుతుంది, కణానికి పెరుగు, రెండుగా చీలు అని కబురు వెళ్తుంది. దిగితే ఆగుతుంది. ఏబీఎల్1కి తలుపు దించి ఉంచే ఏర్పాటు మహా ముచ్చటైనది. ఆ ప్రోటీన్ ఒక పెద్ద గొలుసు, 1,130 అమైనో ఆమ్లాలు. దాంట్లో ఒక రకానికి మొదటి కొసన చిన్న కొవ్వు ముక్క అంటుకుని ఉంటుంది. మిరిస్టిక్ ఆమ్లం. కొబ్బరినూనెలో కూడా ఉండేదే అది, మనకి కొత్త కాదు. ఆ కొస వెనక్కి వంగి, తన ఒంట్లోనే ఉన్న ఒక గుంటలో ఆ కొవ్వు ముక్కని దోపుకుంటుంది. పిల్లి తోక చుట్టుకుని పడుకున్నట్టు. అలా ఉన్నంతసేపూ తలుపు దిగే ఉంటుంది. ఈ కొసని మూత అనుకుందాం. ఈ మూత గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ దీని పని ఉంది.

ఇక జన్యువు. ఏబీఎల్1 జన్యువు తొమ్మిదో క్రోమోజోము పొడుగు కొమ్మ మీద, దాదాపు చివర్లో ఉంటుంది. నిడివి సుమారు 1,75,000 అక్షరాలు. డీఎన్‌ఏలో అక్షరాలు నాలుగే కదా, వాటితో రాసిన రాత. చిత్రమేమిటంటే 1,130 అమైనో ఆమ్లాలకి మూడేసి చొప్పున 3,390 అక్షరాలు చాలు. మిగతాదంతా మధ్యలో అడ్డంగా ఉండే ఇంట్రాన్లు. కొబ్బరికాయకి పీచులా. ప్రోటీన్ తయారుచేసే ముందు కణం ఆ పీచుని వలిచేస్తుంది.

ఈ పీచు వల్లే మన కథ జరిగింది. ఎలాగో చెప్తాను.

నిడదవోలు జంక్షన్‌లో రెండు రైళ్ళు పక్కపక్కన ఆగాయనుకోండి. ఒకటి తొమ్మిదో నంబరు బండి, ఒకటి ఇరవై రెండో నంబరు బండి. రెంటికీ చివరి పెట్టెలు విప్పి, తగిలించేటప్పుడు తారుమారు చేశారు. తొమ్మిది తోక ఇరవై రెండుకి, ఇరవై రెండు తోక తొమ్మిదికి. ఎముక మూలుగలో ఒకే ఒక్క కణంలో, ఎప్పుడో ఒకసారి, సరిగ్గా ఇదే జరుగుతుంది. ఇరవై రెండో క్రోమోజోములో కోత పడిన చోట బీసీఆర్ అనే జన్యువు ఉంది. తొమ్మిదిలో కోత పడింది ఏబీఎల్1 జన్యువు ముందు భాగంలో, ఆ పీచులో. అసలు ఎంజైము రాసి ఉన్న చోట పడితే ఎంజైమే పాడయ్యేది, ఆ కణం ఏమీ చేయలేకపోయేది. పీచులో పడింది కాబట్టి ఎంజైముకి చిన్న గీత కూడా పడలేదు. పోయిందల్లా మొదటి ముక్క. అంటే మూత.

మూత స్థానంలోకి బీసీఆర్ వచ్చి కూర్చుంది. దాని ముందు కొసకి తనలాంటి వాటితో జడలా అల్లుకునే గుణం ఉంది. అలా అల్లుకున్నప్పుడు వెనక ఉన్న ఏబీఎల్‌లు దగ్గర దగ్గరగా చేరి, ఒకదానికొకటి ఫాస్ఫేటు తగిలించుకుని, ఒకదాని తలుపు ఒకటి ఎత్తిపెట్టుకుంటాయి. ఇక లస్కరుతో పని లేదు. తూము రాత్రీ పగలూ పారుతూనే ఉంటుంది. ఆ కణం చీలుతుంది, దాని పిల్లలు చీలుతాయి. తెల్ల రక్తకణాలు మామూలుగా ఒక మైక్రోలీటరు రక్తంలో నాలుగు వేల నుంచి పదకొండు వేల దాకా ఉంటాయి. ఈ జబ్బులో లక్ష, రెండు లక్షలు కూడా దాటుతాయి. దీన్ని క్రానిక్ మైలాయిడ్ ల్యూకేమియా, పొట్టిగా సీఎంఎల్ అంటారు.

ఇది ఎలా బయటపడిందో నాకు చాలా ఇష్టమైన భాగం, కాబట్టి కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఓర్చుకోండి. ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ అనే ఆయన ల్యూకేమియా కణాలని గాజు పలక మీద కడిగేటప్పుడు ఉప్పు ద్రావణంతో కాకుండా మామూలు కుళాయి నీళ్ళతో కడిగేశాడు. ఆ నీళ్ళకి కణాలు ఉబ్బి, లోపలి క్రోమోజోములు విడివిడిగా కనబడ్డాయి. ఆయనకి వాటి గురించి పెద్దగా తెలియదు. తెలిసిన డేవిడ్ హంగర్‌ఫర్డ్‌ని తోడు తెచ్చుకున్నాడు. సీఎంఎల్ రోగుల కణాల్లో ఒక క్రోమోజోము ఉండాల్సినదానికన్నా పొట్టిగా ఉందని 1960లో ఇద్దరూ ప్రకటించారు. ఊరి పేరు మీద దాన్ని ఫిలడెల్ఫియా క్రోమోజోము అంటారు.

ఆ తోక ఎటు పోయిందో పన్నెండేళ్ళు ఎవరికీ తెలియలేదు. షికాగోలో జానెట్ రౌలీ అనే డాక్టరమ్మ, నలుగురు పిల్లల తల్లి, క్రోమోజోముల ఫొటోలు ఇంటికి తెచ్చుకుని భోజనాల బల్ల మీద కత్తెరతో ఒక్కొక్కటే కత్తిరించి జతలు పెట్టుకునేది. కాగితపు బొమ్మలు కత్తిరించుకుంటోందని పిల్లలు ఎగతాళి చేసేవాళ్ళట. ఆ బల్ల మీదే, పొట్టిదైన ఇరవై రెండు తోక పొడుగైన తొమ్మిది చివర ఉందని కనిపెట్టింది. 1973లో అచ్చయింది. జన్యువులో తేడా క్యాన్సర్‌కి ఫలితం కాదు, కారణం అని అప్పటికి చాలామంది నమ్మేవారు కాదు.

ఇంకొక్కటి. ఏబీఎల్ అనే పేరు హెర్బర్ట్ ఏబెల్సన్‌ది. 1970లో ఎలుకలకి రక్త క్యాన్సర్ తెప్పించే ఒక వైరస్‌ని ఆయన వాళ్ళు వేరుచేశారు. తర్వాత చూస్తే, ఆ వైరస్ చేతిలోని ఆయుధం దాని సొంతం కాదు, ఎలుక దగ్గర కొట్టేసిన జన్యువు. మన ఏబీఎల్1 దానికి అన్నదమ్ముల వరస. ఆ ప్రోటీన్ ఫాస్ఫేటుని ఏ అమైనో ఆమ్లానికి తగిలిస్తోంది అన్నది తరువాతి ప్రశ్న. అప్పటిదాకా సెరీన్‌కో, త్రియోనిన్‌కో అని మాత్రమే తెలుసు. 1979లో కాలిఫోర్నియాలో టోనీ హంటర్ ఇంకో వైరస్ ప్రోటీన్ మీద పనిచేస్తూ ఆ పరీక్షకి వాడే ద్రావణం, బఫర్ అంటాం, కొత్తది కలపడానికి బద్ధకించి పాతదే వాడాడు. వాడి వాడి దాని పీహెచ్, అంటే ఆమ్లగుణం కొలత, 1.9 నుంచి 1.7కి దిగిపోయింది. ఆ తేడాకి, అమైనో ఆమ్లాలని విడదీసి చూసే పలక మీద ఒకే మచ్చగా కనబడేది రెండు మచ్చలుగా విడిపోయింది. రెండోది టైరోసిన్. ఏబీఎల్ కూడా టైరోసిన్‌కే తగిలిస్తుందని మరుసటి ఏడాది తేలింది. ఒకరు కుళాయి నీళ్ళు, ఒకరు పాత బఫరు. మా విద్యార్థులకి ఈ కథ చెప్పడం మానేశాను, బఫర్ కలపడం మానేస్తున్నారని. (నవ్వులు)

ఇక మా బాబాయి. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో నాలుగెకరాల కొబ్బరితోట, రెండెకరాల చేను. 2005 వేసవిలో, కాలువలు కట్టేసిన రోజులు, నేను వెళ్ళేసరికి ఆయన అరుగు మీద కూర్చుని లుంగీ ముడి మాటిమాటికీ వదులు చేసుకుంటున్నాడు. "ఎడమ డొక్కలో బరువుగా ఉందమ్మా, రెండిడ్లీలు తింటే కడుపు నిండిపోతోంది" అన్నాడు. అప్పటికి నాలుగు నెలల నుంచి ఒక డాక్టరుగారు గ్యాసు మాత్రలు ఇస్తున్నారు. మా నాయనమ్మ మాత్రం చెయ్యి పెట్టి చూసి, "వీడికి బల్ల పెరిగింది" అనేసింది. ఆవిడ మాటే నిజమైంది. ప్లీహం బొడ్డు దాకా వచ్చేసింది. రక్తం తీయిస్తే తెల్లకణాలు 2,10,000. ల్యాబు కుర్రాడు పొరపాటనుకుని రెండోసారి తీశాడు. మొదట రక్తకణాలు లెక్కపెట్టే ఒక్క సీబీసీ పరీక్ష చేయిస్తే నాలుగు నెలలు కలిసొచ్చేవి. అది నా మనసులో ఇప్పటికీ ఉంది. బయోకెమిస్ట్రీ చెప్పే మనిషిని, ఫోనులో నాకు చెప్పినప్పుడు నేనూ గ్యాసే అనుకున్నాను కదా.

పదేళ్ళు ముందయితే ఆయనకి చెప్పేది ఏమీ ఉండేది కాదు. ఇంటర్‌ఫెరాన్ సూదులు, లేదంటే మూలుగ మార్పిడి. చాలామంది నాలుగైదేళ్ళు బతికేవారు. 2005 నాటికి మాత్ర ఉంది. పేరు ఇమాటినిబ్.

స్విట్జర్లాండులో బాసెల్‌లో సీబా-గైగీ అనే కంపెనీలో నికొలస్ లైడన్ బృందం ఒక పని పెట్టుకుంది. ఏటీపీ వచ్చి కూర్చునే గూడు ప్రతి కైనేజ్‌కీ ఉంటుంది. ఆ గూట్లో ఇంకేదైనా ఇరికిస్తే ఏటీపీకి చోటుండదు, తగిలించడానికి ఫాస్ఫేటూ ఉండదు. మనవాడు బయటికి తీసిన అణువు సీటు ఖాళీ చేయించడం, అంతే. చెప్పడానికి ఇంతే కానీ, 518 కైనేజ్‌లకీ గూడు దాదాపు ఒకేలా ఉంటుంది. అన్నింటినీ మూసేస్తే మనిషే పోతాడు. ఇది జరగని పని అని చాలామంది పెద్దలు తేల్చేశారు.

జరిగింది ఎందుకంటే, తలుపు ఎత్తి ఉన్నప్పుడు కైనేజ్‌లన్నీ ఒకేలా ఉంటాయి. దించి ఉన్నప్పుడు మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో తీరు. పని చేసేటప్పుడు అందరూ ఒకేలా వంగుతారు, పడుకున్నప్పుడు ఎవరి భంగిమ వారిది కదా, అలాగ. ఏబీఎల్ తలుపు దించుకున్నప్పుడు లోపల ఒక సందు ఏర్పడుతుంది. ఇమాటినిబ్ ఆ సందులోకి దూరి గూటంలా దిగబడుతుంది. ఇక తలుపు లేవదు. మూత పోయిన తూము కూడా మధ్యమధ్యలో ఒక్క క్షణం తలుపు దించుతుంది. ఆ క్షణం కోసం మాత్ర కాచుకుని ఉంటుంది. ఈ సంగతి మందు తయారయ్యాక, 2000లో జాన్ కురియన్ బృందం స్ఫటికాల మీద ఎక్స్-కిరణాలతో చూసి చెప్పింది. మందు ముందు, కారణం తర్వాత.

కంపెనీకి ఈ జబ్బు మీద ఆసక్తి తక్కువ, రోగులు కొద్దిమందే కాబట్టి. బ్రయన్ డ్రుకర్ అనే డాక్టరు ఏళ్ళ తరబడి వెంటపడి, 1998 జూన్‌లో మనుషుల్లో పరీక్ష మొదలుపెట్టించాడు. రోజుకి 300 మిల్లీగ్రాములు, ఆ పైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తం లెక్కలు మామూలుకి వచ్చేశాయి. క్యాన్సర్ మందుల చరిత్రలో అలాంటి అంకె అంతకుముందు ఎవరూ చూడలేదు. 2001 మే నెలలో అమెరికా అనుమతి వచ్చింది.

ధర సంగతి కూడా చెప్పాలి. గ్లివెక్ అన్న పేరుతో నోవార్టిస్ అమ్మిన మాత్ర మన దేశంలో నెలకి లక్షా ఇరవై వేల దాకా ఉండేది. వాళ్ళు కొందరికి ఉచితంగా ఇచ్చారు కూడా, అది కాదనను. హైదరాబాదు నాట్కో లాంటి మన కంపెనీలు అదే మందుని ఎనిమిది, పది వేలకి ఇచ్చాయి. పేటెంటు గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, పాత అణువుకి కొత్త స్ఫటిక రూపం చూపించి పేటెంటు అడగడం కుదరదని 2013 ఏప్రిల్ 1న తీర్పు వచ్చింది. ఆ తీర్పు అటు పోయి ఉంటే మా బాబాయి కొబ్బరితోట ఉండేది కాదు. బాబాయి కూడానేమో.

మాత్ర మొదలెట్టిన మూడు నెలలకి ఆయన లెక్కలు ఎనిమిది వేలకి దిగాయి. బల్ల కరిగింది. పిన్ని గోడ క్యాలెండరులో, మాత్ర వేసిన ప్రతి రోజూ తిథి పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టేది. పాలు పోసినవాడి లెక్కకి నిలువు గీత, మాత్రకి అడ్డ గీత. 2007లో నేను వెళ్ళినప్పుడు ఆ క్యాలెండరు చూశాను. వరసగా నిలువు గీతలే ఉన్నాయి. ఏడు వారాల నుంచి అడ్డ గీత లేదు. అడిగితే బాబాయి తల దించుకున్నాడు. "రిపోర్టు బాగానే ఉందిగదమ్మా. కాయ ధర చూస్తే అలా ఉంది. అమ్మాయి పెళ్ళి ఉంది" అన్నాడు.

నేను కోప్పడలేదు. ఆ రోజు ఆయనకి చెప్పింది ఇప్పుడు మీకు చెప్పిన తూము కథే. గూటం కొట్టి తలుపు ఆపాం, అంతేగానీ తూము బాగుపడలేదు బాబాయ్, గూటం తీస్తే మళ్ళీ పారుతుంది అన్నాను. లస్కర్లతో జీవితాంతం తగాదాలు పడిన మనిషి కదా, వెంటనే అర్థమైంది. లెక్కలు అప్పటికే నలభై వేలు దాటాయి. అదృష్టం, మళ్ళీ మొదలెడితే మాత్ర పనిచేసింది.

అందరికీ అలా పనిచేయదు. ఏబీఎల్ గూటి గుమ్మంలో 315వ స్థానంలో త్రియోనిన్ ఉంటుంది. జన్యువులో ఒక్క అక్షరం మారితే అక్కడ ఐసోల్యూసిన్ వస్తుంది. ఇది కాస్త లావు, ఇమాటినిబ్ పట్టుకునే కొక్కెం కూడా దీనికి లేదు. మాత్ర లోపలికి పోలేదు. తర్వాత వచ్చిన డాసాటినిబ్, నిలోటినిబ్ కూడా ఈ గుమ్మం దగ్గర ఆగిపోయాయి. 2012లో వచ్చిన పొనాటినిబ్ దూరగలిగింది కానీ రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం వెంటపెట్టుకొచ్చింది.

ఇప్పుడు మూత గుర్తుందా? కొవ్వు ముక్క దోపుకునే గుంట. మూత పోయినా ఆ గుంట ఎక్కడికీ పోలేదు, ఖాళీగా అలాగే ఉంది. 2021లో అనుమతి వచ్చిన ఆసిమినిబ్ ఏటీపీ గూడు జోలికే పోదు. వెనక్కి వెళ్ళి ఆ గుంటలో కూర్చుంటుంది. మూత మళ్ళీ వచ్చిందనుకుని ఎంజైము తలుపు దించేసుకుంటుంది. నా మట్టుకు నాకు, ఈ మొత్తం కథలో ఇంతకన్నా అందమైన ఎత్తు లేదు.

నాకిచ్చిన టైము అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: "ఇది పిల్లలకి వస్తుందాండీ? పెళ్ళి సంబంధాలకి ఇబ్బంది పడుతున్నారు.")

రాదండీ. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు. పుట్టాక, ఎప్పుడో, మూలుగలో ఒక కణంలో పెట్టెలు తారుమారయ్యాయి. బీజకణాల్లో కాదు. మా బాబాయి కూతురి సంబంధం అప్పుడు కూడా అవతలివాళ్ళు ఇదే అడిగారు. నేనే వెళ్ళి చెప్పొచ్చాను. అయితే మందు వాడుతున్న ఆడవాళ్ళు గర్భం అనుకునే ముందే డాక్టరుతో మాట్లాడాలి, అది వేరే సంగతి.

(ఇంకొకరు: "జీవితాంతం వేసుకోవాల్సిందేనా?")

అందరికీ అక్కర్లేదు. రక్తంలో ఆ కలిసిపోయిన జన్యువు జాడ పీసీఆర్ పరీక్షలో చాలా ఏళ్ళు దాదాపు కనబడకుండా ఉంటే, డాక్టరు పర్యవేక్షణలో ఆపి చూస్తున్నారు. అలా ఆపినవారిలో సుమారు సగం మందికి రెండేళ్ళ తర్వాత కూడా తిరిగి రాలేదు. మిగతావాళ్ళలో ఎక్కువమందికి మొదటి ఆరు నెలల్లోనే తిరగబెడుతుంది, మళ్ళీ మొదలెడితే తగ్గుతుంది. అందుకే ఆపాక నెల నెలా పరీక్ష. మా బాబాయి చేసినట్టు చెప్పాపెట్టకుండా మానడం వేరు.

(వెనక నుంచి ఒక పెద్దావిడ: "పథ్యం ఏమన్నా ఉందామ్మా?")

మంచి ప్రశ్న అడిగారత్తా. మాత్ర అన్నం తిన్నాక, పెద్ద గ్లాసుడు నీళ్ళతో. లేకపోతే వాంతి వచ్చేలా ఉంటుంది. పసరులు, ఆకు మందులు కలపొద్దు. గ్రేప్‌ఫ్రూట్ తినొద్దని మందు కాగితంలోనే ఉంటుంది, అది పేగు గోడల్లో మందుని విరగ్గొట్టే ఎంజైముని పనిచేయనివ్వదు, రక్తంలో మోతాదు పెరిగిపోతుంది. గ్రేప్‌ఫ్రూట్ మన ఊళ్ళో ఎవరు తింటారులే అనుకోకండి. మన పంపరపనసకీ తీపి నారింజకీ పుట్టిన బిడ్డే అది. అందుకని మా బాబాయికి డాక్టరుగారు పంపరపనస కూడా వద్దన్నారు. పెరట్లో చెట్టు ఉంది. ఆయనకి ప్రాణం ఆ పండంటే. కాయ పక్వానికి వస్తే చాలు, కోసి గోనెసంచిలో వేసి మా ఇంటికి బస్సులో పంపించేస్తాడు, కళ్ళ ముందుంటే తినేస్తానని. కండక్టరు కుర్రాడికి కూడా ఈ సంగతి తెలుసు. ఒకసారి సంచి దించుతూ, "ఒకటి తగ్గిందండీ, దారిలో నేను తిన్నాను, నాకు ఆ జబ్బు లేదుగా" అన్నాడు.